మాస్క్ మూడు గంటలకే తీసేస్తున్నారా? సీపాప్ మానే ముందు సరిచూడాల్సినవి, మానాల్సి వస్తే ఉన్న దారులు

ముందు మీరు రాసిన వివరాలు ఒకచోట పెడతాను, లెక్కలన్నీ వాటి మీదే నడుస్తాయి. మీవారికి 46 ఏళ్లు, బరువు 92 కిలోలు, బీఎంఐ 31. ఇల్లు మారతహళ్లిలో, రోజూ ఔటర్ రింగ్ రోడ్డు మీద తనే కారు తోలుకుంటూ ఆఫీసుకు వెళ్తారు. స్లీప్ స్టడీలో ఏహెచ్‌ఐ 38. అంటే నిద్రలో గంటకు 38 సార్లు ఊపిరి ఆగిపోవడమో, బాగా తగ్గిపోవడమో జరుగుతోంది. వెల్లకిలా పడుకుంటే 52, పక్కకు తిరిగితే 17. ఆక్సిజన్ 76 శాతం దాకా పడింది. ఆటో సీపాప్ (మాస్క్ ద్వారా ఒత్తిడితో గాలి పంపి గొంతు మూసుకుపోకుండా ఉంచే మెషీన్, ఒత్తిడిని తనే మార్చుకునే రకం) కొని మూడు నెలలైంది, ముక్కునూ నోటినీ కప్పే ఫుల్ ఫేస్ మాస్క్ ఇచ్చారు, ఒత్తిడి 4 నుంచి 20 (సెంటీమీటర్ల నీటి ఒత్తిడి) దాకా వదిలేశారు. పెట్టుకోగానే ఊపిరాడనట్టు ఉంటుంది, నోరు పిడచకట్టుకుపోతుంది, పొద్దున కడుపు ఉబ్బరం. మూడు గంటలు తిరిగేసరికి తెలియకుండానే మాస్క్ పీకి పక్కన పడేస్తున్నారు. ఇప్పుడు ఆన్‌లైన్లో దొరికే నోటి పరికరం (కింది దవడను ముందుకు పట్టి ఉంచేది) కొనాలా, ఈఎన్‌టీ డాక్టరు చెప్పిన అంగిలి ఆపరేషన్ చేయించుకోవాలా అని మీరు అడిగారు.

రెండూ ఇప్పుడే వద్దు. ఏహెచ్‌ఐ 30 దాటితే తీవ్రమైన స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగే జబ్బు) కింద లెక్క. అలాంటి మనిషికి సీపాప్ పనిచేయలేదని తేల్చాలంటే, ముందు దాన్ని సరిగ్గా అమర్చి చూసి ఉండాలి. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే ఆ పనే జరగలేదు. మెషీన్ డబ్బాలోంచి ఎలా వచ్చిందో అలాగే తలగడ పక్కన పెట్టేశారు.

4 నుంచి 20 అన్నది కంపెనీ నుంచి వచ్చేటప్పుడే ఉండే సెట్టింగ్, మీవారి గొంతు కొలత కాదు. 4 దగ్గర మెషీన్ ఇచ్చే గాలి చాలామంది పెద్దవాళ్లకు చాలదు. పైగా ఫుల్ ఫేస్ మాస్క్ లోపల ఖాళీ జాగా ఎక్కువ. వదిలిన ఊపిరి బయటికి పోయే సన్న రంధ్రాల గుండా ప్రవాహం ఒత్తిడిని బట్టే ఉంటుంది కాబట్టి, తక్కువ ఒత్తిడిలో వదిలిన గాలే కాస్త మళ్లీ పీల్చినట్టవుతుంది. ఊపిరాడనట్టు ఉండటానికి కారణం అదే: గాలి ఎక్కువై కాదు, చాలక. నిద్ర పట్టాక గొంతు మూసుకుపోతుంటే మెషీన్ ఒక్కో మెట్టు ఎక్కుతూ పోతుంది. పైన 20 దాకా తలుపు తెరిచే ఉంది కదా. ఒత్తిడి పెరిగేకొద్దీ మాస్క్ అంచు లేస్తుంది, నోరు తెరుచుకుంటుంది, కొంత గాలి అన్నవాహికలోకి దిగుతుంది. పొద్దుటి ఉబ్బరం, ఎండిన నోరు అక్కడివే. కింది హద్దు మరీ కిందికి ఉండటం మొదటి ఫిర్యాదుకు, పై హద్దు మరీ పైకి ఉండటం మిగతా రెండింటికీ కారణం.

ఇది ఊహ కాకుండా తేలాలంటే మెషీన్‌లో ఉన్న ఎస్‌డీ కార్డు చూడాలి. మెషీన్ ఆపాక కార్డు తీసి కంప్యూటర్లో పెట్టి, ఆస్కార్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో తెరిస్తే ప్రతి రాత్రీ నిమిషం నిమిషం కనిపిస్తుంది. అందులో నాలుగు అంకెలు చాలు. మొదటిది సగటున వాడిన గంటలు. రెండోది ఒత్తిడి: మధ్యస్థం ఎంత, 95 శాతం సమయం ఎంతలోపు ఉంది. మూడోది లీక్, అంటే మాస్క్ అంచుల నుంచో నోటి నుంచో బయటికి పోయే గాలి. రెస్‌మెడ్ కంపెనీ మెషీన్ అయితే 95 శాతం అంకె నిమిషానికి 24 లీటర్లలోపు ఉండాలి. ఫిలిప్స్ మెషీన్ మాస్క్ రంధ్రాల గుండా పోయే గాలిని కూడా కలిపి చూపిస్తుంది కాబట్టి దాని అంకె ఎప్పుడూ పెద్దగానే కనిపిస్తుంది, రెంటినీ పోల్చకండి. నాలుగోది మెషీన్ వాడుతుండగా మిగిలిన ఏహెచ్‌ఐ. అది 5 లోపు రావాలి. అందులో గొంతు మూసుకుపోయినవి ఎన్ని, గొంతు తెరిచే ఉన్నా ఊపిరి తీయనివి ఎన్ని అని విడివిడిగా ఉంటుంది. రెండో రకాన్ని సెంట్రల్ అంటారు. కొత్తగా సీపాప్ మొదలుపెట్టిన కొందరికి ఇవి వస్తాయి, ఎక్కువమందిలో కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి. తగ్గకపోతే మెషీన్ రకమే మార్చాల్సి రావచ్చు. గుండె పంపింగ్ బలహీనంగా ఉందని ఎప్పుడైనా చెప్పి ఉంటే ఆ మాట డాక్టరుకు తప్పక చెప్పండి. సెంట్రల్ ఆప్నియాకు వాడే ఏఎస్‌వీ అనే మెషీన్, పంపింగ్ 45 శాతం లేదా అంతకు తక్కువ ఉన్న గుండె రోగుల్లో మరణాలు పెంచిందని 2015లో వచ్చిన పెద్ద పరిశీలనలో తేలింది.

ఆ అంకెలతో మీ స్లీప్ డాక్టరు దగ్గరికి వెళ్లి సెట్టింగ్ మార్పు అడగండి. మీ అంతట మీరు మెనూలోకి వెళ్లి తిప్పకండి, కానీ ఏం అడగాలో తెలిసి వెళ్లండి. కింది హద్దు 6 లేదా 7కు పెంచడం, పై హద్దును 95 శాతం అంకెకు ఒకటి రెండు పైన కట్టేయడం. ఊపిరి వదిలేటప్పుడు ఒత్తిడి తగ్గించే సౌకర్యం ఒకటుంటుంది, రెస్‌మెడ్‌లో దాన్ని ఈపీఆర్ అంటారు, 1 నుంచి 3 దాకా పెట్టుకోవచ్చు. ఇక్కడొక మెలిక ఉంది. మెషీన్ 4 కంటే కిందికి దిగలేదు. కింది హద్దు 4లో ఉంచి ఈపీఆర్ 3 పెట్టినా, మొదట్లో ఆయనకు దక్కే ఊరట సున్నా. హద్దు 7 అయితేనే పీల్చేటప్పుడు 7, వదిలేటప్పుడు 4 వస్తుంది. ర్యాంప్ (మొదట్లో ఒత్తిడిని తక్కువతో మొదలుపెట్టి మెల్లగా పెంచే సమయం) 45 నిమిషాలు ఉంటే 10కి కుదించడమో, ఆటోలో పెట్టడమో చేయించండి. మెలకువగా ఉన్న మనిషిని 45 నిమిషాలు చాలీచాలని గాలితో కూర్చోబెట్టడం ర్యాంప్ ఉద్దేశం కాదు.

ఇక ముక్కు సంగతి. బెంగళూరులో ఇది పక్కన పెట్టే విషయం కాదు. దుమ్ము, పుప్పొడి, కట్టడాల సిమెంటు, వయ్యారిభామ మొక్క, అన్నీ కలిసి ఈ ఊళ్లో సగం మంది ముక్కులు దిబ్బడేసుకునే ఉంటాయని అనిపిస్తుంది. ముక్కు మూసుకుంటే నోరు తెరుచుకుంటుంది. నోటితో పీలుస్తాడని ఫుల్ ఫేస్ మాస్క్ ఇస్తారు. ఆ మాస్క్ గడ్డాన్ని వెనక్కి నొక్కుతుంది, అందుకే ఒత్తిడి కూడా ఎక్కువ కావాల్సి వస్తుంది. ముక్కు మాస్క్ వాడేవాళ్ల కంటే ఫుల్ ఫేస్ వాడేవాళ్లే ఎక్కువగా మధ్యలో మానేస్తుంటారు. కాబట్టి వరస ఇలా ఉండాలి: ముందు ముక్కు తెరవాలి, తర్వాత ముక్కు మాస్క్ ప్రయత్నించాలి, అది నిజంగా కుదరకపోతేనే ఫుల్ ఫేస్.

డాక్టరు స్టెరాయిడ్ స్ప్రే రాస్తే (ఫ్లూటికసోన్, మోమెటసోన్ లాంటివి) అది ఆ పూటకు పనిచేసే మందు కాదు. రోజూ వాడితే పూర్తి గుణం కనిపించడానికి రెండు వారాలు పడుతుంది. తల కొంచెం ముందుకు వంచి, కుడి చేత్తో ఎడమ ముక్కులో, ఎడమ చేత్తో కుడి ముక్కులో, చెవి వైపుకు గురిపెట్టి కొట్టాలి. మధ్య దూలానికి తగిలేలా కొడితే నెత్తురు వస్తుంది, మందు కూడా వృథా. తల వెనక్కి వాల్చి కొడితే గొంతులోకి జారిపోతుంది. జైలోమెటాజొలిన్ చుక్కలు వెంటనే తెరుస్తాయి కానీ ఐదారు రోజులు మించితే ముక్కు మునుపటికంటే గట్టిగా మూసుకుంటుంది. జలనేతి చేసే అలవాటుంటే మంచిదే, కాచి చల్లార్చిన నీళ్లతో మాత్రమే.

మాస్క్ సరిగ్గా పెట్టడం చిన్న పనే, కానీ నూటికి తొంభై ఫిర్యాదులు అక్కడే పుడతాయన్నది నా అభిప్రాయం. కూర్చుని అద్దంలో చూసుకుంటూ బిగించడం తప్పు. పడుకుంటే చెంపలు జారి మొహం ఆకారం మారుతుంది. పడక మీద, రోజూ పడుకునే పక్కకు తిరిగి, మెషీన్ ఆన్ చేసి బిగించాలి. పట్టీలన్నీ వదులు చేయండి. మాస్క్‌ను మొహం మీంచి ఒక అంగుళం ముందుకు లాగి, కుషన్ గాలితో ఉబ్బనిచ్చి, మెల్లగా వదలండి. కుషన్ తనంతట తనే చర్మం మీద కూర్చుంటుంది. ఆ తర్వాత లీక్ వినిపించే చోట మాత్రమే, రెండు వైపులా సమంగా, కొంచెం కొంచెంగా బిగించండి. పట్టీ కింద ఒక వేలు దూరాలి. పొద్దున ముక్కు దూలం మీద ఎర్రటి గాడి కనిపిస్తే అతిగా బిగించినట్టు. అతిగా బిగిస్తే కుషన్ మడతపడి లీక్ ఇంకా పెరుగుతుంది, దాంతో ఇంకా బిగిస్తారు.

మన ఇళ్లలో ఇంకో చిక్కు నూనె. తలకు కొబ్బరినూనె రాసుకుని, మొహానికి క్రీము పూసుకుని మాస్క్ పెడితే సిలికాన్ జారుతుంది, త్వరగా పాడవుతుంది కూడా. పడుకునే ముందు మొహం సబ్బుతో కడుక్కోవాలి, కుషన్‌ను రోజూ పొద్దున గోరువెచ్చని నీళ్లలో తేలికపాటి సబ్బుతో కడిగి నీడలో ఆరబెట్టాలి. పెద్ద మీసం ఉంటే ముక్కు మాస్క్ కింది అంచు మూయదు. మీసం తీయనంటే ముక్కు రంధ్రాల్లో కూర్చునే పిల్లోస్ రకం చూడండి, దానికి మీసంతో పని తక్కువ. మెషీన్ పక్కన దోమల కాయిల్, సాంబ్రాణి, అగరొత్తి వద్దు. ఆ పొగ ఫిల్టర్ దాటి ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. మన దుమ్ముకు ఫిల్టర్‌ను నెలకోసారి కాదు, పదిహేను రోజులకోసారి తీసి చూడండి. బూడిదరంగు తిరిగితే మార్చేయాలి.

నోరు ఎండటానికి హ్యూమిడిఫైయర్ (గాలికి తేమ పట్టించే నీళ్ల డబ్బా) కూడా చూడాలి. డిసెంబరు, జనవరి రాత్రుల్లో బెంగళూరు గాలి చల్లగా పొడిగా ఉంటుంది, 4 లేదా 5 దాకా పెంచుకోవచ్చు. మొహం మీద నీటి చుక్కలు పడుతుంటే ట్యూబ్ చల్లబడి ఆవిరి నీరవుతోందన్నమాట. వేడి ట్యూబ్ వాడటమో, ట్యూబ్‌ను దుప్పటి లోపల్నుంచి తీసుకోవడమో, ఒక మెట్టు తగ్గించడమో చేయండి. మెషీన్ మంచం ఎత్తుకంటే కాస్త కిందే ఉండాలి, నీళ్లు మొహం వైపు రాకుండా. డబ్బాలో డిస్టిల్డ్ వాటర్ పోయాలి. ట్యాంకర్ బోరు నీళ్లు పోస్తే వారంలోనే తెల్లటి పొర కడుతుంది. అడుగున ఉన్న లోహపు పలక మీద ఆ పొర పేరుకుంటే వేడి సరిగ్గా అందదు. ఒక పూట దొరకకపోతే కాచి చల్లార్చిన ఆర్‌ఓ నీళ్లు పోయండి, పొద్దున పారబోయండి. కరెంటు పోతే ఊపిరాడదేమోనన్న భయం చాలామంది పైకి చెప్పరు, కానీ ఉంటుంది. ఫుల్ ఫేస్ మాస్క్‌లో గాలి ఆగితే దానంతటదే తెరుచుకునే కవాటం ఉంటుంది. ముక్కు మాస్క్ అయితే నోరుంది. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే, హ్యూమిడిఫైయర్ ఆపి నడిపితే రాత్రంతా తేలిగ్గా వస్తుంది, ప్యూర్ సైన్ వేవ్ రకమైతే మంచిది.

మాస్క్ అంటేనే గుండె దడ వచ్చేవాళ్లకు నిద్రలో అలవాటు చేయడం కుదరదు, పగలు చేయాలి. మొదటి రెండు మూడు రోజులు సాయంత్రం టీవీ చూస్తూ ట్యూబ్ తగిలించకుండా మాస్క్‌ను చేత్తో పట్టుకుని పదిహేను నిమిషాలు. తర్వాత పట్టీలు వేసుకుని. తర్వాత ట్యూబ్ తగిలించి, మెషీన్ ఆన్ చేసి, కూర్చునే, అరగంట. తర్వాత పగటి కునుకు. ఏ మెట్టు దగ్గర దడ వస్తే అక్కడే ఇంకో రెండు రోజులు ఆగాలి. వారం పది రోజులు పడుతుంది. ఇది పిల్లచేష్టలా అనిపించినా మాత్రల కంటే బాగా పనిచేస్తుంది. అన్నట్టు, నిద్రమాత్రలు సొంతంగా వద్దు, మందు పార్టీలు కూడా ఈ నెల వద్దు. రెండూ గొంతు కండరాలను వదులు చేస్తాయి. రాత్రి పదిన్నరకు ఇల్లు చేరి, తిని, వెంటనే పడుకునే అలవాటుంటే కడుపు ఉబ్బరంలో దాని వాటా కూడా ఉంటుంది.

మూడు గంటలైనా పెట్టుకుంటున్నారు కదా, నయమే అనుకోకండి. కలలు వచ్చే నిద్ర, అంటే రెమ్ నిద్ర, రాత్రి రెండో సగంలో, తెల్లవారుజామున ఎక్కువ. ఆ దశలో గొంతు కండరాలు బాగా వదులవుతాయి, చాలామందిలో ఆప్నియా ఎక్కువసేపు సాగేదీ ఆక్సిజన్ బాగా పడిపోయేదీ అప్పుడే. ఆయన సరిగ్గా ఆ సమయానికే మాస్క్ తీసేస్తున్నారు. మీరు మెలకువలో ఉండి చూస్తే, కోపగించకుండా భుజం తట్టి మళ్లీ పెట్టించండి. కొన్ని మెషీన్లలో మాస్క్ ఊడితే మోగే అలారం ఉంటుంది, ఆన్ చేయించండి.

ఇవన్నీ చేసి నాలుగు వారాలు ఇవ్వండి. 95 శాతం ఒత్తిడి 15 దాటి, వదలడం కష్టంగానే ఉంటే బైపాప్ ట్రయల్ అడగవచ్చు. అందులో పీల్చేటప్పటికీ వదిలేటప్పటికీ తేడా 4 లేదా అంతకుమించి పెట్టుకోవచ్చు. అప్పటికీ రాత్రికి నాలుగు గంటలు దాటకపోతే, వేరే దారి వెతకడం తప్పు కాదు. మాస్క్ అల్మారాలో ఉండటం కంటే సగం పనిచేసే పరికరం ఒంటి మీద ఉండటం మేలు.

వాటిలో మీవారికి ముందుగా చూడదగ్గది నోటి పరికరమే, కానీ మీరు లింకు పెట్టిన వేడినీళ్లలో ముంచి కొరికే రకం కాదు. ఆ రకంలో కింది దవడ ఎంత ముందుకు వచ్చిందో కొలత ఉండదు, నిద్రలో జారిపోతుంది. గురక మాత్రం తగ్గిస్తుంది, అందులోనే ప్రమాదం ఉంది. గురక ఆగింది కాబట్టి జబ్బు పోయిందనుకుంటారు, ఊపిరి మాత్రం చప్పుడు లేకుండా ఆగుతూనే ఉంటుంది. పై పళ్లకూ కింది పళ్లకూ విడివిడిగా అచ్చు తీసి చేసిన, స్క్రూతో ముందుకు జరపగల పరికరం కావాలి. స్లీప్ ఆప్నియా పని తెలిసిన డెంటిస్ట్ చేస్తారు. ఒక్కో దవడకు కనీసం ఎనిమిది పది గట్టి పళ్లు ఉండాలి, చిగుళ్ల జబ్బుంటే ముందు అది నయం కావాలి. ఆయన కింది దవడను మొత్తం 10 మిల్లీమీటర్లు ముందుకు తేగలరనుకోండి, 5 లేదా 6 దగ్గర మొదలుపెట్టి, వారానికి అర మిల్లీమీటరు చొప్పున, నొప్పి లేకుండా 7 దాకా తీసుకెళ్తారు. ఆ తర్వాత పరికరం నోట్లో పెట్టుకునే మళ్లీ స్లీప్ స్టడీ చేయించాలి. ఈ చివరి మెట్టు డెంటిస్టులు చెప్పరు, పేషెంట్లు అడగరు. సగటున ఇది ఏహెచ్‌ఐని సగానికి తగ్గిస్తుంది, మీ లెక్కలో 38 నుంచి ఇరవై దగ్గరికి. మొదట్లో చొంగ కారడం, దవడ కీలు నొప్పి ఉంటాయి. పొద్దున అరగంట సేపు వెనక పళ్లు కలవవు, అందుకే పళ్లు కొరికే చిన్న వ్యాయామం ఇస్తారు. ఏళ్ల తరబడి వాడితే పళ్ల అమరిక కొంత శాశ్వతంగా మారుతుంది, అది ముందే తెలిసి ఒప్పుకోవాలి.

పక్కకు పడుకుంటే 17 అన్న అంకె ఆశపెట్టేదే. అయితే ఆ రాత్రి పక్కకు ఎంతసేపు పడుకున్నారో రిపోర్టులో చూడండి. ఇరవై నిమిషాలే అయితే, అందులో రెమ్ నిద్ర లేకపోతే ఆ 17ను నమ్మలేం. నిజమే అయినా 15 దాటింది కాబట్టి ఒక్కటే చాలదు, కానీ సీపాప్‌కైనా నోటి పరికరానికైనా జత చేస్తే అవసరమైన ఒత్తిడి తగ్గుతుంది. పాత టీషర్టు వెనక, రెక్కల మధ్య, టైలరు చేత జేబు కుట్టించి రెండు టెన్నిస్ బంతులు వేయండి. మంచం తలవైపు కాళ్ల కింద నాలుగు నుంచి ఆరు అంగుళాల దిమ్మలు పెట్టండి. దిండ్లు పేర్చకండి, మెడ వంగి గడ్డం ఛాతీకి తగిలితే గొంతు ఇంకా మూసుకుంటుంది.

బరువు పది శాతం తగ్గితే ఏహెచ్‌ఐ సుమారు 26 శాతం తగ్గుతుందని 2000లో వచ్చిన పరిశీలన చెబుతుంది. మీవారికి 9 కిలోలు, 38 నుంచి 28. మంచిదే, కానీ అంతవరకు మాస్క్ అవసరం పోదు. టిర్జెపటైడ్ ఇంజెక్షన్‌కు స్థూలకాయంతో పాటు ఓ మోస్తరు నుంచి తీవ్రమైన స్లీప్ ఆప్నియా ఉన్నవాళ్ల కోసం 2024 డిసెంబరులో అమెరికాలో అనుమతి వచ్చింది. మన దేశంలో మౌంజారో పేరుతో 2025 మార్చి నుంచి షుగర్‌కూ బరువుకూ అమ్ముతున్నారు. మీ డాక్టరుతో మాట్లాడదగ్గ విషయమే. థైరాయిడ్ పరీక్ష ఈమధ్య చేయించకపోతే అదీ చేయించండి.

అంగిలి ఆపరేషన్ గురించి ఈఎన్‌టీ డాక్టరును అడగాల్సింది ఒకటే: ఏ చోట మూసుకుపోతోందో చూశారా? మత్తు ఇచ్చి నిద్రపుచ్చి గొట్టంతో చూసే పరీక్ష ఉంది, డైస్ అంటారు. అది చేయకుండా అంగిలి కోయడం గుడ్డిదెబ్బ. నాలుక వెనక మూసుకుపోతుంటే అంగిలి కోసి లాభం లేదు. అంగిలి పోయాక మళ్లీ సీపాప్ కావాల్సి వస్తే నోటి నుంచి గాలి పోవడం ఎక్కువై మాస్క్ ఇంకా కష్టమవుతుంది. టాన్సిల్స్ బాగా పెద్దవైతే సంగతి వేరు. ముక్కు దూలం వంకర సరిచేయడం ఆప్నియాను పోగొట్టదు, కానీ సీపాప్‌ను భరించేలా చేస్తుంది, ఆ మేరకు దానికి విలువ ఉంది. రెండు దవడలనూ ముందుకు జరిపే ఆపరేషన్ బాగా ఫలితమిచ్చేదే, కానీ పెద్దది, కోలుకోవడానికి వారాలు పడుతుంది.

శంఖం ఊదితే తగ్గుతుందని వాట్సాప్‌లో వచ్చిందన్నారు. జైపూర్‌లో 30 మందితో చేసి 2025లో ప్రచురించిన చిన్న పరిశీలన అది. ఆరు నెలలు ఊదితే గంటకు నాలుగైదు ఆటంకాలు తగ్గాయి. ఊదమనండి, నష్టం లేదు, కానీ 38లోంచి ఐదు తీసేస్తే మిగిలేది చూడండి. ఇంట్లో ఆక్సిజన్ మెషీన్ పెట్టుకోమని ఎవరైనా అంటే మాత్రం వినకండి, అది మూసుకున్న గొంతును తెరవదు.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు మెషీన్, కార్డు, మాస్క్, పాత స్లీప్ స్టడీ రిపోర్టు పూర్తి పేజీలు (మొదటి పేజీ ఒక్కటే కాదు), వారం రోజుల బీపీ రీడింగులు తీసుకెళ్లండి. మధ్యాహ్నం మీటింగుల్లోనో సిగ్నల్ దగ్గరో కళ్లు మూతపడుతున్నాయా అని ఆయన్ను అడిగి, ఉన్నదున్నట్టు డాక్టరుకు చెప్పండి. అలా పడుతుంటే ఈ నాలుగు వారాలూ కారు తాళాలు మీ దగ్గరే ఉంచుకుని, ఆయన్ను ఆఫీసు బస్సులోనో క్యాబ్‌లోనో పంపండి.